తూటాల పాతర

అమెరికాలో మనవాళ్ళ కబుర్లు ఎక్కడ మొదలైనా చివరికి పెట్టుబడి దగ్గర తేలతాయి. శంషాబాద్ పక్కన ప్లాటు, ఇక్కడ అద్దెకిచ్చే ఇల్లు, బంగారం, షేర్లు, బిట్‌కాయిన్. కొన్నేళ్ళుగా ఈ వరసలో ఇంకో సరుకు కూడా వినిపిస్తోంది: తూటాలు. కాల్చుకోడానికి కాదు. చవగ్గా ఉన్నప్పుడు కొని, గరాజులో పేర్చి, కొరత వచ్చినప్పుడు అమ్ముకోడానికి. "పాడవదు, పన్ను లేదు, రేటు తగ్గదు" అని ఒక పెద్దమనిషి నాకు మూడు ముక్కల్లో తేల్చిచెప్పాడు. ఆ మూడింటిలో మొదటిదొక్కటే నిజం. పొడిగా, చల్లగా ఉంచితే తూటా దశాబ్దాలు నిలుస్తుంది. పన్ను మాత్రం ఉంది. 1937 నాటి చట్టం ప్రకారం తయారీదారు కట్టే 11 శాతం ఎక్సైజ్ పన్ను మనం కొనే ధరలోనే కలిసి ఉంటుంది. అమ్మితే వచ్చే లాభం మీద ఆదాయపు పన్ను వేరే. ఇక రేటు సంగతి కిందికి వస్తాను.

ముందే ఒక మాట. తుపాకి ఉండాలా వద్దా అన్నది ఇక్కడ నా గొడవ కాదు. వారం వారం రేంజికి వెళ్ళి రెండొందల రౌండ్లు కాల్చేవాడు ఐదు వేలు ఒకేసారి కొనుక్కుంటే తప్పేం లేదు. మన ఇళ్ళలో ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు తెచ్చిపెట్టుకున్నట్టే అది. రాయలసీమలో, తెలంగాణలో జొన్న పాతరలుండేవి. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మన్ను కప్పేవాళ్ళు. కరువొస్తే తీసుకుని తినడానికి. అదే గింజల్ని దాచి, కరువు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాడు కూడా ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు. ఊరు ఆ ఇద్దరినీ ఒకే పేరుతో పిలవలేదు. ఈ వ్యాసం ఆ రెండోవాడి గురించి.

అసలు ఈ కొరతలు ఎలా వస్తాయి? 2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్ళని ఒకడు కాల్చి చంపాడు. కొత్త చట్టాలొస్తాయన్న భయంతో జనం అంగళ్ళ మీద పడ్డారు. .22 తూటా, అంటే పిల్లలకి గురి నేర్పేటప్పుడు వాడే అతి చవకైన తూటా, ఆ తర్వాత చాలాకాలం అరల్లో సరిగ్గా కనబడలేదు. ఆ చట్టాలేమో కాంగ్రెసులో నెగ్గనే లేదు. 2016లో హిల్లరీ క్లింటన్ గెలుస్తుందన్న లెక్కతో మళ్ళీ కొన్నారు. ఆమె ఓడిపోయింది, గిరాకీ పడిపోయింది, రెండేళ్ళు తిరక్కుండా రెమింగ్టన్ దివాలా పిటిషన్ వేసింది. ఆ తర్వాత 2020. మహమ్మారి, జార్జ్ ఫ్లాయిడ్ హత్య, ఊరూరా అల్లర్లు, ఎన్నికలు. తుపాకుల కొనుగోళ్ళకి సంబంధించి ఎఫ్‌బీఐ చేసిన తనిఖీలు 2019లో 2 కోట్ల 84 లక్షలైతే, 2020లో 3 కోట్ల 97 లక్షలు. రెమింగ్టన్ అదే ఏడాది రెండోసారి దివాలా తీసింది. చరిత్రలో ఎన్నడూ లేనంత గిరాకీ ఉన్న ఏడు, ఆర్కన్సాలోని వాళ్ళ తూటాల ఫ్యాక్టరీ వేలంలో చేతులు మారింది.

ఈ చివరి సంగతి దగ్గర కొంచెం ఆగాలి. ఒక తూటాకి నాలుగు భాగాలు: ఇత్తడి తొడుగు, మందు, సీసపు గుండు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్. ప్రైమర్ తయారీ ప్రమాదకరమైన పని. ఈ దేశంలో దాన్ని పెద్ద ఎత్తున చేసే కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. కొత్త ఫ్యాక్టరీ కట్టాలంటే ఏళ్ళు పడుతుంది. కట్టేలోపు భయం చల్లారుతుంది. నిల్వలు చేసినవాళ్ళంతా కొనడం మానేస్తారు. అందుకే కంపెనీలు జంకుతాయి. అంటే ఈ ఎగుడుదిగుడు గిరాకీయే కొత్త ఫ్యాక్టరీ రాకుండా అడ్డం పడుతోంది, ఫ్యాక్టరీ లేదు కాబట్టి మళ్ళీ కొరత. 2020లో కంపెనీలు రాత్రీ పగలూ నడిచాయి. అలాంటప్పుడు గరాజులో దాచే ప్రతి పెట్టె ఇంకొకడికి దొరకని పెట్టె. కొరతని ముందే పసిగట్టి లాభపడ్డాననుకునేవాడు నిజానికి ఆ కొరతలో ఒక ముక్క.

ఇప్పుడు రేటు. 2020కి ముందు మామూలు 9 ఎం.ఎం. తూటా ఇరవై సెంట్లకి అటూ ఇటూగా దొరికేది. 2021 మొదట్లో డెబ్భై సెంట్లు దాటింది. 2023 నాటికి మళ్ళీ పాతిక సెంట్ల దగ్గరికి దిగింది. ఇరవైకి కొని డెబ్భైకి అమ్మినవాడి కథ అందరూ చెబుతారు. డెబ్భైకి కొన్నవాడు పార్టీల్లో నోరు విప్పడు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో రకం, ఎందుకంటే ధర పెరిగిందే వాళ్ళు ఎగబడి కొనడం వల్ల. ఇక తెలివిగా ముందే కొన్నవాడి సంగతి: పదివేల రౌండ్లంటే పెట్టుబడి రెండువేల డాలర్లు, బరువు దాదాపు 120 కిలోలు. పోస్టాఫీసు తూటాల పార్సిల్ అసలు తీసుకోదు. ఎవరో తెలియని కొనుగోలుదారుడికి, పార్కింగు స్థలంలో, డిక్కీ తెరిచి అమ్మాలి. అవతలివాడు తూటా కలిగి ఉండడానికి అర్హుడో కాదో తెలుసుకునే దారి ఉండదు. ఏ బ్రోకరేజీ ఖాతాలోనూ ఇంత చాకిరీ, ఇంత అనుమానం లేవు.

ఇంతకన్నా పెద్ద చిక్కు మనసులో ఉంది. ధర శిఖరానికి చేరేది భయం శిఖరానికి చేరినప్పుడే. ఆ రోజు మీరు కూడా భయపడుతూ ఉంటే అమ్మరు, "మనకే కావాల్సొస్తుందేమో" అని ఇంకో పెట్టె కొంటారు. ఆ రోజు మీకు భయం లేకపోతే, లేని ప్రమాదాన్ని ఉందని నమ్మినవాడికి మూడింతల ధరకి అమ్ముతున్నారన్నమాట. మొదటిది పెట్టుబడి కాదు. రెండోది పెట్టుబడే, కానీ దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

"బంగారం మాత్రం? యుద్ధమొస్తే పెరగదా?" అంటారు. పెరుగుతుంది. కానీ నా బీరువాలో కాసు బంగారం ఉన్నందువల్ల ఆ రోజు ఎవడికీ అవసరమైన వస్తువు దొరక్కుండా పోదు. తూటాల సంగతి అది కాదు. తుపాకి పరిశ్రమ సంఘం లెక్క ప్రకారం 2020లో మొదటిసారి తుపాకి కొన్నవాళ్ళు 84 లక్షల మంది. తలకి రెండు పెట్టెలు, అంటే వంద రౌండ్లు వేసుకున్నా 84 కోట్లు. అవి దొరకలేదు. అంగళ్ళలో మనిషికి ఒకటో రెండో పెట్టెలని కట్టడి పెట్టారు. ఫలితం ఏమిటి? సొరుగులో కొత్త తుపాకి, అందులో తూటాలు, చేతికి మాత్రం అలవాటు లేదు. తుపాకి మంచిదనే వాళ్ళూ చెడ్డదనే వాళ్ళూ ఇద్దరూ ఒప్పుకునే విషయం ఒకటుంటే, సాధన లేని చేతిలోని తుపాకి అన్నిటికన్నా ప్రమాదమని. దాన్ని పెంచింది ఈ "పెట్టుబడిదారులే".

మనవాళ్ళ భయాన్ని నేను తేలిక చెయ్యను. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథ్‌లో, సాయంత్రం బార్‌లో కూచున్న ఒక తెలుగు ఇంజనీరుని "మా దేశం నుంచి పోండి" అంటూ ఒకడు కాల్చి చంపాడు. ఆ వారం నిద్రపట్టని తెలుగిళ్ళు చాలా ఉన్నాయి. ఆ తర్వాత తుపాకి కొన్నవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ ఆ భయం మనకి తెలుసు కాబట్టే, ఇంకొకడి భయానికి రేటు కట్టి అమ్మే పనిలో మనం ఉండకూడదంటాను.

ఇంకో సంగతి, ఇది నీతి కాదు, చట్టం. ఒక వాట్సాప్ గ్రూపులో చూశాను: నలుగురు కలిసి డబ్బు వేసుకుందాం, గ్రీన్‌కార్డు ఉన్న అన్న గరాజులో పెడదాం, రేటు పెరిగాక పంచుకుందాం, చిట్టీ పాడుకున్నట్టు. ఆ నలుగురిలో ఇద్దరు హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు. అయ్యా, ఫెడరల్ చట్టం వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకే కాదు, తూటా కూడా కలిగి ఉండకూడదంటుంది. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, వ్యాపారం వాటిలో లేదు. చేతిలో పట్టుకుంటేనే కలిగి ఉండటం కాదు, మన అదుపులో ఉన్నా కోర్టు అలాగే లెక్కవేయచ్చు. ఇలాంటి కేసులో శిక్షపడితే దేశం వదలాల్సి రావచ్చు. రెండువేల డాలర్ల సరుకు కోసం పదేళ్ళ గ్రీన్‌కార్డు క్యూని పణంగా పెట్టడం ఏ లెక్కలో లాభం?

గరాజుకి నిప్పంటుకుంటే ఇల్లు పేలిపోతుందని నేను బెదిరించను, అది సినిమా. నేను అడిగేది చిన్న ప్రశ్న. పొద్దున లేచి వార్తలు చూస్తారు. ఎక్కడో బడిలో కాల్పులు. షేర్లున్నవాడు బాధపడతాడు, ప్లాటున్నవాడు బాధపడతాడు. మీరూ బాధపడతారు, కాదనను. కానీ మీ మనసులో ఒక మూల లెక్క కూడా మొదలవుతుంది. పెట్టెలెన్ని, రేటెంత. మీరు చెడ్డవాళ్ళు కాకపోయినా మొదలవుతుంది, ఎందుకంటే మీ డబ్బు దాని మీదే పెట్టారు. ఆ మూలని మన చేత్తో మనమే ఎందుకు కట్టుకోవాలి?

ఇప్పటికే పేర్చినవాళ్ళుంటే, అంగళ్ళలో దొరుకుతున్న రోజుల్లోనే, రేంజికి వెళ్ళే అర్హత ఉన్న తెలిసినవాళ్ళకి కొన్న ధరకే ఇచ్చెయ్యండి, లేదా మీరే వెళ్ళి కాల్చి గురి నేర్చుకోండి. నలుగురి చిట్టీలో ఉన్న వీసా తమ్ముళ్ళు ముందు లాయర్‌ని అడగండి, ఆ తర్వాత గ్రూపులోంచి బయటికి రండి.