వాంతి ఆగింది, విషం లెక్కకు రాలేదు

పత్తి చేలల్లో మందు కొట్టే రోజులొస్తే మా వాడల్లో ఒక మాట వినిపిస్తుంది: "నిన్న మందు కొట్టొచ్చాక ఒకటే వాంతులు. సూది వేయించుకుంటే తగ్గింది." పురుగులకు కొట్టేదీ మందే, ఒంటికి వేసేదీ మందే. ఈ రెండు మందుల మధ్య ఒక రోగం పేరు మాయమవుతోందని మేం అంటున్నాం.

వాంతులకు సాధారణంగా ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ మంచి మందే. కీమోథెరపీ వాంతులతో నలిగిపోయే క్యాన్సర్ రోగులకు అది పెద్ద ఊరట. జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. కానీ అది చేసేది సెరటోనిన్ సంకేతాన్ని అడ్డుకోవడమే. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ విషాలు దెబ్బతీసేది నరాలకు అవసరమైన కోలినెస్టరేజ్ ఎంజైమును. దానికి ఇవ్వాల్సింది అట్రోపిన్. అంతకన్నా ముందు తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగాలి. వాంతులతో పాటు చొంగ, విపరీతమైన చెమట, కండరాల అదురు, ఆయాసం, చిన్నబోయిన కంటిపాపలు ఉంటే సూదితో సరిపెట్టుకోకూడదు. 108కి ఫోన్ చేయాలి, మందు డబ్బా వెంట తీసుకెళ్లాలి.

2017లో ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. అంతమంది ఒకేసారి పడిపోయారు కాబట్టి దేశం చూసింది. ఒక్కొక్కరుగా పడిపోయే కూలీలను ఎవరు చూస్తున్నారు?

చేను ఒకరిది, వీపున పంపు మరొకరిది. ఆ మరొకరిది ఏ కులమో ఊళ్లో అందరికీ తెలుసు. 1971 నాటి క్రిమిసంహారక నిబంధనల్లో రక్షణ దుస్తుల ప్రస్తావన ఉంది. చేలో కనిపించేది మాత్రం ముక్కుకు కట్టుకున్న తువ్వాలు, పాత చొక్కా. దాన్ని అజాగ్రత్త అనేవాళ్లు ఆ కూలీకి దుస్తులు ఎవరివ్వాలో చెప్పరు.

1968 క్రిమిసంహారక చట్టం 26వ సెక్షన్ ప్రకారం, విషప్రభావానికి గురైన ప్రతి కేసునూ తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఆదేశించవచ్చు. కానీ ఓపీ చీటీ మీద "వాంతులు" అని మాత్రమే రాసి పంపేస్తే తెలియజేయడానికి ఏముంటుంది? రేపు కూలీ చనిపోతే, పరిహారం అడిగే భార్య చేతిలో ఉండేది ఆ చీటీయే. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందు కొట్టే కాలంలో వాంతులతో వచ్చిన ప్రతి కూలీనీ "నిన్న ఏం పని చేశావు?" అని అడగాలని, ఆ జవాబును చీటీ మీద రాయాలని మేం కోరుతున్నాం.