మృగముల సాక్ష్యము

మాదాపూరున 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరచిన నాటినుండి హైదరాబాదు పడమటి దిక్కునకు పెరుగుచునే యున్నది. గుట్టలు చదునై మేడలైనవి, బీడులు బాటలైనవి. ఉద్యోగములు హెచ్చినవి, భూముల వెల హెచ్చినది. దీనిని కాదనువారు లేరు. కాని యీ పెరుగుదల యే ప్రాణుల యిండ్లమీదుగ సాగినదో లెక్క వ్రాసినవారు మాత్రము తక్కువ.

2025 మార్చి నెలాఖరున నీ ప్రశ్న మాదాపూరునకు సమీపముననే, కంచ గచ్చిబౌలియందు, బాహాటముగ లేచినది. హైదరాబాదు విశ్వవిద్యాలయము నానుకొనియున్న 400 ఎకరములను ఐ.టి. కట్టడములకై వేలము వేయదలచి ప్రభుత్వము యంత్రములతో చెట్లు తీయింప నారంభించెను. విద్యార్థు లడ్డగించిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు తనంతట తాను కలుగజేసికొని పనులను నిలిపివేసెను. అప్పటికే సుమారు 100 ఎకరముల పచ్చదనము నేలగూలినది.

ఆ నేల రికార్డులలో అడవి కాదని ప్రభుత్వము వాదించినది. కాకపోవచ్చును. కంచ యను మాటకే పశువుల మేతకు విడిచిన బీడని యర్థము. కాని చుక్కల జింకకు రెవిన్యూ రికార్డు చదువరాదు. అది నీటిని, నీడను, పచ్చికను, పగవాని కంటబడకుండ తప్పించుకొను దారిని మాత్రమే చూచుకొనును.

మృగము తన చోటు నెట్లెంచుకొనును? ఈ యెంపిక నాలుగు మెట్లలో జరుగునని 1980లో డగ్లస్ జాన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వివరించెను. భూమండలమున ఏ భాగమున నాజాతి యుండునో యది మొదటి మెట్టు. అందు ఒక్కొక్క ప్రాణి తిరుగాడు పరిధి రెండవది. ఆ పరిధిలో గుంటగట్టా, పొదయా, బయలా యనునది మూడవది. అచ్చట ఏ యాకు కొరుకవలె ననునది నాల్గవది. మన రైతు మొదట ఊరు, పిదప పొలము, పిదప మడి, తుదకు విత్తనము చూచుకొనుట వంటిదే యిది.

శాస్త్రజ్ఞులు దీనిని లెక్కకట్టు తీరును కఠినము కాదు. ఉన్న నేలలో ఏ రకము ఎంత, ప్రాణి వాడుకొనుచున్నది ఎంత, అని రెంటిని పోల్చి చూతురు. నూరెకరములలో గుంటగట్టు పదియెకరములే యనుకొందము. జింక యడుగుజాడలలో సగ మచ్చటనే కనబడినచో, ఆ గట్టు ఎకరమున కెకరముగ తక్కినదానికంటె తొమ్మిదిరెట్లు విలువైనది. ఇట్టి లెక్కలను పటముమీద పరచినప్పుడు, ఏ ముక్క పోయిన ప్రాణి నిలువజాలదో ముందుగనే తెలియును.

అయిన నొక చిక్కు కలదు. ఎంచుకొనుటకు చోట్లున్నప్పుడే యెంపిక. చుట్టును గోడలు లేచి దారులు మూసికొనిన పిదప మిగిలిన ముక్కలో జింక కనబడిన, అది కోరి చేరినదా, గతిలేక నిలిచినదా? తలల లెక్క పెరిగినంతమాత్రమున ఆ చోటు మంచిదని తలపరాదని 1983లో బియాట్రిస్ వాన్ హోర్న్ అను శాస్త్రజ్ఞురాలు హెచ్చరించెను. తరుమబడిన ప్రాణులు చెడ్డచోటనే క్రిక్కిరిసి యుండవచ్చును. ఇంతకంటె ఘోరము, ఎంపికయే మోసపోవుట. నీటిపై గ్రుడ్లు పెట్టు ఒకజాతి పురుగులు తారురోడ్డు తళుకును నీరని భ్రమించి దానిపై గ్రుడ్లు పెట్టుచున్నవని హంగరీ శాస్త్రజ్ఞులు చూపిరి. తారురోడ్లును, గాజుమేడలును నిండిన మన పడమటి నగరమున కీమాట దూరముది కాదు.

నగరము పెరుగవలదని మేమనము. పట్టణవాసులకు పని కావలయును. ప్రభుత్వమునకు రాబడి కావలయును. కాని జింకలను పట్టి వేరొక వనమునకు తరలించిన సరిపోవునను సులభపు మాటను మాత్ర మొప్పుకొనజాలము. అచ్చటి మేతకును, నీటికిని హద్దు లేదా? జూబ్లీహిల్సు చెంతనున్న కె.బి.ఆర్. ఉద్యానము జాతీయోద్యానమే, కాని దాని చుట్టును రోడ్లే. అందున్న ప్రాణికి బయట మరియొక చోటు వెదకుకొనుటకు దారి లేదు. చెట్లు తిరిగి నాటవచ్చును; పొద, పచ్చిక, గుంట, దారి యన్నియు కలసిన కూర్పు నాటినంతనే రాదు.

కావున ఏ కంచపైనను యంత్రము దింపుటకు పూర్వము వేసవి, వాన, చలికాలములు మూడింటను ఆ నేలను పరిశీలింపవలయును. ఏ ప్రాణి యెచ్చట నీరు త్రాగునో, ఎచ్చట పిల్లలను పెట్టునో, ఏ దారిన పోవునో పటమున గుర్తించి, ఆ పటమును ప్రజలయెదుట నుంచవలయును. ఆ పిమ్మటనే వేలముమాట. మంచిచోట్లును, వానిని కలుపు దారులును వేలమునుండి తొలగింపబడవలయును.

2014లో తెలంగాణము జింకను తన రాష్ట్రమృగముగ నెంచుకొన్నది. ఆ జింకకు మాత్రము చోటెంచుకొను వీలు నానాటికి తగ్గుచున్నది. మృగములు న్యాయస్థానమున నిలిచి మాటలాడజాలవు. నేలమీది యడుగుజాడలే వాని వాఙ్మూలము. ఆ జాడలు చెరిపివేసిన తరువాత సాక్ష్యము లేదని తీర్పు చెప్పుట న్యాయము కానేరదు.