నాయన పని చేసే పిల్లను మెచ్చుకోబాకండి

ఈసారి కొంచెం గట్టిగానే రాస్తున్నా, చివరిదాకా చదవండి.

మార్గశిరం వచ్చినకాడి నుంచి ఊర్లో ఒక మాట వింటా ఉండా. "కాలు లేని నాయనకు ఆ పిల్ల ఎంత చేదోడుగా ఉందో చూడండి, తెల్లారేసరికే నిమ్మతోటలో ఉంటది" అని. ఆ నాయన్ని నేనే. ఆ పిల్ల నా కూతురు, తొమ్మిదో తరగతి. మీరు మెచ్చుకున్న రోజల్లా అది బడికి పోలేదు. మడవ తిప్పింది, రాలిన కాయలు ఏరింది. మీ మెప్పుతో దానికి పాఠం వస్తదా?

"గూడూరులో చలేముందబ్బా, ఇదేమన్నా ఢిల్లీనా" అంటారు. రెండు కాళ్లున్నోళ్లకు ఏమీ లేదు. మోకాలి కింద పోయినోడికి ఉంది. మనది ముసురు, మంచు, తేమ కలిసిన చలి. మొండికాలు చల్లబడితే దానికి నెత్తురు సరిగా పారదు, కండ బిగుసుకుంటది, మంట పుడతది. చలికి అది రొంత సన్నబడితే పెట్టుడుకాలి గిన్నె వదులవుతది. వదులైతే రాచుకుంటది, రాచుకుంటే పుండు. పుండు మానిందాకా కాలు తగిలించకూడదు. ఇంక గట్టు మీదికి ఎవరు పోవాల? పిల్లకాయలే. లేని పాదం నొప్పి పుట్టడం కూడా నాటకం కాదు, డాక్టర్లు దాన్ని ఫాంటమ్ పెయిన్ అంటారు.

"కాలు ఉచితంగా ఇచ్చారు కదా" అనేది రెండో మాట. జైపూర్ కాలు గొప్పదే. 1968లో రామచంద్ర శర్మ అనే పనివాడు, డాక్టర్ పి.కె.సేథీ కలిసి మనలాంటోళ్ల కోసమే చేశారు. బురదలో నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. కాలు బాగాలేదని నేను అనడంలేదు. క్యాంపులో కొలత తీసుకుని, ఫొటో దిగి, చేతికిచ్చి పోతే పని అయిపోయిందనుకోవడం తప్పు అంటున్నా. కాలు తీసేసిన కొత్తల్లో మొండికాలు నెలనెలా సన్నబడతది. కేంద్రం ఆడిప్ పథకంలో మాత్రం పెద్దోళ్లకు ఒకసారి ఇస్తే అదే అవసరానికి మళ్లీ మూడేళ్ల దాకా ఇవ్వరు. చెప్పు బిగుతైతే మార్చుకుంటాం, కాలు వదులైతే మూడేళ్లు ఆగాలా?

2024 జూలై నుంచి పింఛను 6,000 చేశారు, సంతోషం. ఆ డబ్బు ఇంట్లోకి సరిపోతదిగానీ గిన్నె సరిచేసే మనిషిని మన దగ్గరికి తీసుకురాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్‌లో, ఆదాయ పరిమితికి లోబడి దగ్గర్లోనే, ముఖ్యంగా పల్లెల్లో, ఉచిత వైద్యం అందించాలని రాసుంది. మనం అడిగేది దానం కాదు, చట్టంలో ఉన్నదే.

మనూరోళ్లు చేయగలిగింది కూడా ఉంది. చలి ఉన్న ఈ రెండు నెలలు పొద్దున పూట మడవ మీరు తిప్పండి. బదులుగా మీ కాయలు గ్రేడింగ్ చేస్తా, మీ కూలీల లెక్కలు రాస్తా. బదులు పనులు మనకు కొత్తేమీ కాదు.

నాలాంటోళ్లకు నాలుగు మాటలు. రాత్రి పెట్టుడుకాలిని చల్లటి గచ్చు మీద పెట్టకుండా గుడ్డలో చుట్టి పెట్టండి. వదులనిపిస్తే ఇంకో మేజోడు తొడగండి, తడిసింది వెంటనే మార్చండి. చలిమంట దగ్గర మొండికాలు కాచుకోబాకండి, స్పర్శ తగ్గినచోట కాలినా తెలీదు. షుగరు ఉన్నోళ్లకు మరీ ప్రమాదం. రోజూ అద్దం పెట్టి అడుగుభాగం చూసుకోండి, ఎర్రబడితే ఆ రోజు కాలు తొడగొద్దు.

గూడూరు డివిజన్‌లో నెలకొక రోజు పెట్టుడుకాళ్లు సరిచేసే మనిషి కూర్చోవాలని వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నా. మీ ఊర్లో చెయ్యో కాలో పోయినోళ్లు ఉంటే సంతకం పెట్టించండి. అర్జీ పంచాయతీ ఆఫీసు దగ్గర నాతోనే ఉంటది. సంతకం పెట్టకపోయినా పర్లేదు, బడి టైంలో గట్టు మీద పిల్ల కనపడితే మాత్రం మెచ్చుకోబాకండి. పారను మీరు తీసుకుని దాన్ని బడికి పంపండి.