బెంచీ ఒకటే, లిఫ్టులు వేరు

అడాజన్‌లో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్. పుట్టినరోజు వేడుక. ఏడో తరగతి చదివే అమ్మాయిని తోటి విద్యార్థిని పిలిచింది. ఉన్నవాటిలో మంచి డ్రెస్ వేసుకుని గేటు దాకా వెళ్లింది. లోపల ఎంగిలి ప్లేట్లు తీస్తున్నది తన తల్లే. కడుపునొప్పి అని వాచ్‌మన్‌తో చెప్పి వెనక్కి తిరిగింది.

సూరత్‌లో తెలుగు వాళ్లంటే మనకు గుర్తొచ్చేది తాపీ నదికి ఇవతల ఉన్న లింబాయత్, మరమగ్గాలు, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు. అవతలి ఒడ్డున అడాజన్ ప్రైవేటు బడులది, పెద్ద ఫ్లాట్లది. ఈ తల్లి అక్కడే ఒక గదిలో అద్దెకుంటూ మూడు ఇళ్లలో పనిచేస్తుంది. విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద ప్రైవేటు బడులు కేటాయించాల్సిన 25 శాతం సీట్లలో కూతురికి ఒకటి దొరికింది. నా ఫీల్డ్‌వర్క్‌లో ఆమె అన్న మాట ఇది: "తమ్మీ, నా బిడ్డ నన్ను ఆ ఇంట్ల పని మానేయమంటది. పైసలు తక్కువొచ్చినా వేరే బిల్డింగ్‌ల చూస్కోమంటది."

చట్టంలో 'పరిసర ప్రాంతం' అనే మాట ఉంది. చుట్టుపక్కల ఉండే పేద, అణగారిన వర్గాల పిల్లలకే ఆ సీట్లు. అడాజన్ లాంటి చోట ఆ చుట్టుపక్కల ఉండే పేదలెవరు? ఆ ఫ్లాట్లలోనే పనిచేసే బాయిలు, డ్రైవర్లు, వాచ్‌మన్లు. అంటే పక్క బెంచీ స్నేహితురాలు చాలాసార్లు అమ్మ యజమాని కూతురే. బడిలో ఒకే బెంచీ. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాలంటే తల్లి ఎక్కే సర్వీస్ లిఫ్టు ఎక్కాలా, స్నేహితురాలి లిఫ్టా?

మనిషి తనను తాను అంచనా వేసుకోవడానికి ఇతరులతో పోల్చుకుంటాడని లియోన్ ఫెస్టింగర్ 1954లో సిద్ధాంతీకరించాడు. అప్పటి నుంచి పిల్లలకు మనం చెప్పే సలహా ఒకటే: పోల్చుకోకు. కొలబద్ద పిల్ల చేతిలో ఉన్నట్టు! గుజరాత్‌లో మొదటి పరిచయంలోనే 'అటక్' అడుగుతారు, అంటే ఇంటిపేరు. తెలుగు ఇంటిపేరు వాళ్లకు అర్థం కాదు కాబట్టి తర్వాతి ప్రశ్న నాన్న ఏం చేస్తాడు, ఎక్కడుంటారు అని. ఆ జవాబుతో మెట్టు ఖరారవుతుంది.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 321 మంది అగ్రకుల, 321 మంది నిమ్నకుల బాలురతో చిక్కుదారుల పజిళ్లు చేయించారు. కులం బయటపెట్టనప్పుడు రెండు వర్గాలూ సమానంగా చేశాయి. అందరి ముందూ కులం ప్రకటించాక నిమ్నకుల బాలుర ఫలితాలు పడిపోయాయి. పిల్లలు వాళ్లే, తెలివీ అదే. దీన్ని 'ఆత్మవిశ్వాస లోపం' అని పిల్లవాడి ఖాతాలో రాసే కౌన్సెలర్ల మీద నాకు కోపం.

అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానతలో ఇంకో దెబ్బ ఉంది. ప్రతి మెట్టుకూ కింద మరో మెట్టు దొరుకుతుంది. ఇదే అమ్మాయి లింబాయత్‌లో మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడిలో చదివే తన చిన్నమ్మ కూతురి గురించి "దానికి ఇంగ్లీష్ రాదు" అంటుంది. సెలవుల్లో కూడా అక్కడికి వెళ్లడం మానేసింది. పైన దొరకని స్నేహం కోసం కింద ఉన్నదాన్ని వదులుకుంది.

అలాగని కలిపి చదివించడం తప్పనడం లేదు. ఢిల్లీ ప్రైవేటు బడుల మీద గౌతమ్ రావు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పేద పిల్లలతో చదివిన సంపన్న పిల్లల్లో ఉదారత పెరిగింది, వివక్ష తగ్గింది. విలువైన ఫలితమే. కానీ అక్కడ ప్రధాన ప్రశ్న సంపన్న పిల్లలకు ఏమైందన్నది. పేద పిల్లల మనసుకు ఏమైందో అంతే శ్రద్ధగా అడగాలి కదా.

25 శాతం పిల్లలను తరగతిలో విడిగా కూర్చోబెట్టకూడదని కేంద్రం నమూనా నియమాలు చెబుతున్నాయి. పిక్నిక్ డబ్బులు, యాన్యువల్ డే దుస్తులు, రిటర్న్ గిఫ్టుల గురించి చెప్పవు. ఆ ఖర్చులు బడే భరించాలి, పుట్టినరోజులు తరగతి గదిలో ఒక చాక్లెట్‌తో ముగియాలి. ఇవి పెద్ద డిమాండ్లేమీ కావు. అసలు పెద్దది మరొకటుంది: ఈ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. పద్నాలుగేళ్లకు, స్నేహాలు గట్టిపడే వయసులో, ఉచిత సీటు పోతుంది.

ఆ అమ్మాయికి ఇంకో ఏడాది ఉంది. వచ్చేటప్పుడు తల్లి నన్ను అడిగింది: "తొమ్మిదిల ఫీజు ఎంతుంటది తమ్మీ?"