మద్దెల కొనాలా... ఆట నేర్చుకోవాలా?

ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికొకడు. ఆ సామెత పుట్టిన రోజుల్లో కొత్త మద్దెలలు అమ్మేవాళ్లు ఇన్ని రంగుల ప్రకటనలు ఇచ్చి ఉండరు. గోల్ఫ్ మొదలుపెట్టిన మనిషికి ఇప్పుడు ఎటు చూసినా మద్దెలలే. పది గజాలు ఎక్కువ కొట్టించేది ఒకటి, బంతిని తిన్నగా పంపించేది ఒకటి.

అలాంటి ఆయన ఒకరు ఈమధ్య చాలా ఇళ్లలో కనిపిస్తున్నారు. వయసు నలభై అయిదుకి అటూ ఇటూ. ఉద్యోగంలో ఓ మెట్టు ఎక్కారు. షటిల్ ఆడదామంటే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆఫీసులో ఎవరో తీసుకెళ్తే గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా దగ్గరున్న మైదానంలోనో, విశాఖపట్నం ఈస్ట్ పాయింట్‌లోనో మొదటిసారి కర్ర పట్టుకున్నారు. ఇంట్లో ఉన్నది పాత సెట్టు. అమెరికాలో ఉంటున్న బావమరిది తాను కొత్తది కొనుక్కుని, పాతదాన్ని సామానుతోపాటు తెచ్చి ఇచ్చి వెళ్లాడు. ఆర్నెల్లయింది. కొట్టిన బంతి కొట్టినట్టు కుడివైపు వంపు తిరిగి చెట్లలోకి పోతోంది. పక్కన ఆడే స్నేహితుడి చేతిలో తళతళలాడే కొత్త డ్రైవర్. ‘సెట్టు మార్చు గురూ, అదే దార్లోకొస్తుంది’ అన్నాడా స్నేహితుడు. ఇంట్లో ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది: ‘లక్ష పోసి కొన్నాక కూడా అటే పోతే?’

ఆవిడ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు బంతి అటు ఎందుకు పోతోందో చూడాలి.

కర్ర, బంతి కలిసి ఉండేది సెకనులో సుమారు రెండువేలో వంతు కాలం. ఆ రెప్పపాటు కూడా కాని క్షణంలో రెండు సంగతులు తేలిపోతాయి. కర్ర మొహం ఎటు చూస్తోంది, కర్ర ఏ దారిన వస్తోంది. బంతి దాదాపుగా మొహం చూసిన వైపే బయల్దేరుతుంది. మొహానికీ దారికీ ఎంత తేడా ఉంటే గాల్లో అంత వంపు తిరుగుతుంది. కుడిచేతివాటం మనిషి కర్రని బయటి నుంచి లోపలికి అడ్డంగా లాగుతూ, మొహాన్ని తెరిచి వదిలేస్తే బంతి కుడికి వంగిపోతుంది. దీన్నే స్లైస్ అంటారు. కొత్తవాళ్లలో ఎక్కువమందిది ఇదే జబ్బు. ఆ క్షణంలో చేయి సర్దుకోవడం ఎవరివల్లా కాదు. అదంతా అంతకుముందే... కర్ర పట్టుకున్న తీరులో, నిలబడ్డ తీరులో, భుజం తిరిగిన తీరులో నిర్ణయమైపోయి ఉంటుంది.

మరి స్లైస్ తగ్గిస్తామంటూ వచ్చే కొత్త డ్రైవర్ల సంగతి? అవి ఉత్త బూటకమేమీ కాదు. తలలో బరువుని మడమ వైపు జరిపి, మొహం త్వరగా మూసుకునేలా చేస్తారు. వంపు కొంత తగ్గుతుంది. జ్వరానికి మాత్ర వేసినట్టన్నమాట. ఒళ్లు చల్లబడుతుంది, జ్వరం ఎందుకొచ్చిందో మాత్రం తెలియదు.

కొట్లో ఇంకో తమాషా జరుగుతుంది. వల కట్టిన గదిలో, తెర ముందు నిలబెట్టి కొత్త సెట్టులోంచి ఏడో నంబరు ఐరన్ చేతికిస్తారు. బంతి పాతదానికన్నా పదిహేను గజాలు ఎక్కువ పోయినట్టు తెర మీద అంకె పడుతుంది. మనిషి పొంగిపోతాడు. అసలు సంగతేమిటంటే, ఒకప్పటి ఏడో నంబరు కర్ర మొహం సుమారు 35, 36 డిగ్రీలు వెనక్కి వాలి ఉండేది. ఇప్పుడు కొత్తవాళ్ల కోసం చేసే సెట్లలో అదే ఏడో నంబరు 30కి అటూ ఇటూ ఉంటోంది. అంటే ఒకప్పటి అయిదో నంబరుకి దగ్గరగా ఉన్న కర్ర మీద ఏడు అని రాసి ఉందన్నమాట. దూరం పోక ఏం చేస్తుంది! తయారీదార్లని అడిగితే బరువుని కిందికి దించాం కాబట్టి బంతి ఎత్తుకు లేస్తుంది, అందుకే వాలు తగ్గించామంటారు. అదీ నిజమే. అయినా ఆ పదిహేను గజాలన్నీ తన ప్రతిభ అనుకుని కార్డు గీకడం మాత్రం పొరపాటు.

అలాగని పరికరాన్ని తీసిపారెయ్యడం కూడా న్యాయం కాదు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజినీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్ నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టాడు. అప్పటికి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఉద్యోగం. పచ్చికమీద బంతిని గుంటలోకి నెట్టే చివరి దెబ్బ ఆయనకి ఎంతకీ కుదిరేది కాదు. అచ్చం మద్దెల మీద నేరం మోపే మనిషిలాగే పట్టర్‌ని అనుమానించాడు. తేడా ఏమిటంటే, ఊరికే తిట్టుకోకుండా 1959లో తన గరాజ్‌లో కొత్తది తయారుచేశాడు. బరువంతా మధ్యలో కాకుండా రెండు కొసలకీ సర్దాడు. దాంతో బంతి కాస్త పక్కకి తగిలినా తల మెలిక తిరగడం తగ్గింది. బంతికి తగిలినప్పుడల్లా ‘పింగ్’ మని మోగేది. అదే కంపెనీ పేరయింది. ఇవాళ కొత్తవాళ్లు వాడే ఐరన్లలో చాలావాటికి వెనకభాగం గుల్లగా, బరువు అంచుల్లో ఉంటుంది. ఆలోచన అదే.

అయితే ఆ మేలు బావమరిది తెచ్చిన పాత సెట్టులోనూ ఉంది! డ్రైవర్ తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదన్న నియమం 2004 నుంచి అమల్లో ఉంది. మొహం స్ప్రింగులా ఎంతవరకు విసరొచ్చన్న దానికీ హద్దు ఉంది. పదేళ్ల కిందటి డ్రైవరూ ఆ హద్దుల దగ్గరికి వచ్చేసినదే. కర్ర మధ్యలో తగిలించగలిగేవాడికి కొత్తదానికీ దానికీ కొద్ది తేడా తెలుస్తుంది. పదిసార్లలో మూడుసార్లు మాత్రమే మధ్యలో తగిలేవాడికి ఆ తేడా పట్టుకోవడానికే రాదు.

ఇక పాఠాల సంగతి. గురువు లేకుండా పైకొచ్చినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. కోల్‌కతా కుర్రాడు ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక చూసుకునే ఉద్యోగి. ఆ మైదానంలోనే కేడీగా తిరుగుతూ, ఆడేవాళ్లని చూస్తూ నేర్చుకున్న మనిషి 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. 2016, 2017ల్లో వరసగా ఇండియన్ ఓపెన్ ఎగరేసుకుపోయాడు. స్పెయిన్ వీరుడు సెవె బాయెస్టెరోస్ చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున ఇసకలో ఒకే ఒక్క మూడో నంబరు ఐరన్‌తో సాధన చేశాడు. వాళ్లకి కొత్త సెట్టూ లేదు, ఫీజు కట్టిన పాఠమూ లేదు. కానీ బాల్యమంతా ఆ మైదానంలోనే ఉంది. వారానికోసారి, అదీ ఆదివారం మబ్బు పట్టకపోతే వెళ్లే నలభై అయిదేళ్ల పెద్దమనిషి ఆ దారిన పోవాలంటే ఇంకో జన్మెత్తాలి.

మరోవైపు నిక్ ఫాల్డోని చూడాలి. అప్పటికే పేరున్న ఆటగాడు. 1980ల మధ్యలో డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గరికి వెళ్లి తన స్వింగ్ మొత్తం విప్పి మళ్లీ కట్టించుకున్నాడు. ఆ రెండేళ్లూ ఫలితాలు దిగజారాయి. 1987లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ తర్వాత అలాంటి పెద్ద టైటిళ్లు ఇంకో అయిదు. మొదటి నాలుగైదు పాఠాలకే ఆట ఇంకా చెడిందని మానేసేవాళ్లు ఆ రెండేళ్లని గుర్తుచేసుకోవచ్చు.

కర్ర మార్చి తీరాల్సిన సందర్భాలూ ఉన్నాయి. పట్టు రబ్బరు అరిగి జారుతుంటే వేళ్లు తెలియకుండానే బిగుసుకుంటాయి. మోచేతి నొప్పి అక్కడ మొదలవుతుంది. షాఫ్ట్ మరీ బిరుసైనా, మనిషి ఎత్తుకి పొడుగో పొట్టో అయినా ఒళ్లు దానికి తగ్గట్టు వంకర అలవాటు చేసుకుంటుంది. ఆ వంకర వదిలించడం కొత్తగా నేర్పడంకన్నా కష్టం. పిల్లలకి పెద్దవాళ్ల కర్రలు కోసి ఇవ్వడం మరీ తప్పు. పొడుగు తగ్గుతుంది, తల బరువు తగ్గదు. అయితే ఇదంతా తేల్చాల్సింది కొట్లో కుర్రాడు కాదు, ఆ మనిషి ఆడగా చూసిన కోచ్.

అందుకే ఆ పాత సంచీ మోసుకుని ముందు కోచ్ దగ్గరికే వెళ్లారాయన. ఆ కోచ్ పదిహేను నిమిషాలు చూసి సంచీ విప్పాడు. నియమం ప్రకారం పద్నాలుగు కర్రలదాకా ఉండొచ్చు. ఏడు మాత్రం ఉంచి మిగతావి ఇంటికి పంపేశాడు. పట్టు రబ్బర్లు కొత్తవి వేయించమన్నాడు. డ్రైవర్ రెండు నెలలు ముట్టుకోవద్దన్నాడు. ‘ఆట పద్దెనిమిది గుంటలు, లెక్కలో ఒక్కోదానికి రెండేసి పట్ దెబ్బలు. డెబ్భై రెండులో ముప్ఫై ఆరు అక్కడే. మీరెప్పుడైనా పట్టర్‌తో గంటసేపు సాధన చేశారా?’ అని అడిగాడు. ఆయన దగ్గర జవాబు లేదు.

లక్షకి బదులు రబ్బర్ల ఖర్చు, పది పాఠాల ఫీజు తేలాయి. పాఠానికీ పాఠానికీ మధ్య రెండువారాలు. ఆ మధ్యలో రోజూ సాయంత్రం హాల్లో కార్పెట్ మీద పట్ దెబ్బలు. సోఫా కింద బంతులు వెతికే పని పిల్లలది.

మూడోనెలలో ఓ ఆదివారం ఆయన మైదానం నుంచి తిరిగొచ్చి షూస్ విప్పుకుంటుంటే ఇంట్లో ఆవిడ కాఫీ అందిస్తూ అడిగింది, బంతి ఇంకా కుడికే పోతోందా అని.

‘లేదు, ఎడమకి పోతోంది’ అన్నారాయన. ‘కోచ్ భుజం తట్టాడు.’