మూడు చొక్కాలు, ఆరు గంటలు

దసరాకి ఆదోని వెళ్లినప్పుడు, డీఎడ్ రెండో సంవత్సరం చదువుతున్న మా చిన్నాన్న కూతుర్ని ఒక లెక్క అడిగాను. మిద్దె మీద ఒకేసారి ఆరేసిన మూడు చొక్కాలు మూడు గంటల్లో ఆరినాయి. ఆరు ఆరేస్తే? పెన్ను తీసింది, అడ్డంగా గుణించింది. "ఆరు గంటలన్నా."

నవ్వొచ్చింది. వెంటనే భయమేసింది. రేపు డీఎస్సీ కొడితే ఈ పిల్ల మంత్రాలయంలోనో కోసిగిలోనో అనుపాతం చెబుతుంది.

తప్పు ఆమెది కాదు. "అంత్యాల లబ్ధం, మధ్యాల లబ్ధం సమానం" అని నేర్పారు, అది ఎక్కడ చెల్లదో నేర్పలేదు. (నేనూ ఇంజనీరింగు దాకా ఆ ఒక్క ముక్కతోనే నెట్టుకొచ్చాను.) మన పాతవాళ్లు ఇంతకంటే జాగ్రత్తపరులు. త్రైరాశికం 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెనిగించిన మహావీరాచార్యుని గణితంలోనూ ఉంది. కానీ పెరిగితే తగ్గేదానికి వ్యస్త త్రైరాశికమని వేరే పేరు పెట్టారు. అంటే, ముందు సందర్భాన్ని గుర్తుపట్టాలి, ఆ తర్వాతే గుణకారం.

రెండు గ్లాసుల బియ్యానికి మూడు గ్లాసుల నీళ్లైతే నాలుగింటికి ఎన్ని? ఐదు అంటాడు ఐదో తరగతి పిల్లోడు. ఒకటి ఎక్కువ పోయాలని వాడు అర్థం చేసుకున్నాడు. అది అజ్ఞానం కాదు, కూడిక దగ్గర ఆగిన ఆలోచన. దాన్ని గుణకారం వైపు నడిపించడమే టీచరు పని. ఆ పనికి మన శిక్షణలో చోటెక్కడుంది? రెండేళ్లూ పాఠ్యపథకాల రికార్డులు రాయడానికే సరిపోతుంది!

ఆదోని పత్తి యార్డులో క్వింటాలు ఏడు వేలంటే, 80 కిలోల మూటకి పదికిలోలు ఏడు వందలు, ఎనిమిది ఏళ్లు యాభయ్యారు, 5,600 అని రైతు నోటితోనే తేలుస్తాడు. వాళ్ల పిల్లలు అది వింటూ పెరుగుతారు. బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధిలో అమ్ముకునే పిల్లలు ఇలాగే లెక్కలు కట్టి, అవే లెక్కలు కాగితం మీద పెడితే తడబడ్డారని 1985లోనే పరిశోధకులు చూపించారు. మనకు మాత్రం యార్డు లెక్క లెక్క కాదు, బడి లెక్కే లెక్క.

సిలబస్ ఎక్కువ, టైము తక్కువ అంటారు. టెట్ మొదటి పేపర్లో 150 మార్కులకు గణితం 30, అన్నీ బిట్లే. "ఐదు" అన్న పిల్లోడు ఎందుకన్నాడో ఏ బిట్టూ అడగలేదు, కాబట్టి ఏ కాలేజీ చెప్పదు. కనీసం ఒక రికార్డు మార్చండి. ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ పదిమంది పిల్లల్ని ఈ నీళ్ల లెక్క అడిగి, జవాబు కాకుండా వాళ్లు చెప్పిన కారణం వాళ్ల మాటల్లోనే రాసుకు రావాలి. మా చెల్లెలు ఇద్దర్ని అడిగింది. ఒకడు ఐదన్నాడు. రెండోవాడు, "మా యమ్మ వేలు పెట్టి కొలుస్తాది, గ్లాసులెందుకక్కా?" అన్నాడట.