కోడి కంపెనీది, షెడ్డు రైతుది – కూలివాడు ఎవరి మనిషి?

శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాటి కందుకూరు వైపు వచ్చి, రోడ్డు దిగి ఊళ్లలోకి మళ్లితే పొడుగాటి రేకుల షెడ్లు కనబడతాయి. హైదరాబాదు నగరం తినే కోడిమాంసంలో కొంత ఇక్కడే తయారవుతుంది. ఈ కోళ్లు ఎవరివంటే కంపెనీవి అంటారు. మేత, మందులు కూడా కంపెనీవే. షెడ్డు రైతుది, కరెంటు బిల్లు రైతుది, కింద పరిచే ఊక రైతుది. మరి చలికాలం రాత్రి పిల్లలకు వేడి చాలుతుందో లేదో చూడడానికి రెండు గంటలకోసారి లేచే ఆలుమగలు ఎవరి మనుషులు? దీనికి మాత్రం జవాబు తొందరగా రాదు.

కంపెనీకీ రైతుకూ మధ్య కాగితం ఉంటుంది. కంపెనీకీ మేత మిల్లుకూ, మక్కల వ్యాపారికీ, కోళ్లు ఎత్తుకుపోయే ట్రేడరుకూ మధ్య కూడా ఏదో ఒక కట్టుబాటు ఉంటుంది. ఈ గొలుసంతా ఒప్పందాల మీదే నడుస్తుంది. కూలివానికి మాత్రం ఏ కాగితమూ లేదు.

మేము ఒప్పందాలకు గుడ్డి వ్యతిరేకులం కాము. అవి ఎందుకు వచ్చాయో కార్యకర్తలు తెలుసుకోవాలి. గుడ్డు పొదగడానికి 21 రోజులు. పిల్ల దిగిన నాటి నుంచి అమ్మకానికి సుమారు 40 రోజులు. అంటే ఈ రోజు హేచరీలో పెట్టిన గుడ్డు రెండు నెలలకు మాంసమవుతుంది. వెనకట సొంతంగా పెంచిన రైతు, ఈ రోజు ధర బాగుందని పిల్లలు దింపేవాడు. పక్క ఊరి రైతూ అదే పని చేసేవాడు. రెండు నెలలకు సరుకు పోటెత్తి ధర పడిపోయేది, మేత అప్పు నెత్తిన మిగిలేది. గుడ్ల ధర దళారులు నిర్ణయించే బాధ పడలేక 1982లో గుడ్ల రైతులు జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, అంటే ‘నెక్’ పెట్టుకున్నారు. మాంసం కోళ్లలో ఆ సమన్వయం రైతుల చేతికి రాలేదు. 1990ల మొదట్లో కోయంబత్తూరు వైపు మొదలైన ఇంటిగ్రేషన్ పద్ధతితో అది కంపెనీల చేతికి పోయింది. ఎన్ని గుడ్లు పొదగాలి, ఏ షెడ్డులో ఎన్ని పిల్లలు దింపాలి, ఏ రాత్రి లారీ పంపాలి – అన్నీ ఒకచోటే నిర్ణయమవుతాయి. మార్కెట్ ధర పడిపోతే ఆ దెబ్బ కంపెనీది, రైతుకు కిలోకు ఇంతని గ్రోయింగ్ ఛార్జీ వస్తుంది. ఇది నిజమే, కాదనము.

కానీ సరుకు ఎక్కువైనప్పుడు కంపెనీ ఏం చేస్తుంది? పిల్లలు దింపడం ఆలస్యం చేస్తుంది. ఒక బ్యాచ్ పోయాక షెడ్డు కడిగి సున్నం వేసి ఆరబెట్టడానికి రెండు మూడు వారాలు ఎట్లాగూ కావాలి. అది కాస్తా నెల అవుతుంది, నెలన్నర అవుతుంది. పెద్దపెద్ద మాటల్లో సరఫరా క్రమబద్ధీకరణ అనేది మన ఊళ్లో ఖాళీ షెడ్డు రూపంలో కనబడుతుంది. కోళ్లు లేకపోతే రైతుకు ఛార్జీ లేదు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. ఆ రైతు కూలివానితో ఏమంటాడు? ‘పిల్లలు దిగినంక చూద్దాం’ అంటాడు. ‘పటేలా, అప్పటిదాకా ఏం తినాలె?’ అంటే జవాబు లేదు. నగరంలో చికెన్ ధర పడిపోకుండా కాపాడే ఖర్చు చివరికి షెడ్డు పక్క గుడిసెలో పొయ్యి మీద పడుతోంది.

2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడి తింటే కరోనా వస్తుందని పుకారు పుట్టి ధర కుప్పకూలింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే ఇక్కడ కూడా జనం చికెన్ దుకాణాల వైపు పోవడానికి జంకారు. రోగం వచ్చి కోళ్లను పూడ్చిపెడితే సర్కారు పరిహారాన్ని కోళ్లు, గుడ్లు, మేత లెక్కన కడుతుంది. పోయిన పని దినాలకు ఆ లెక్కలో గడి లేదు.

ఇక మేత లెక్క సంగతి. కోడి కిలో బరువు పెరగడానికి ఎంత మేత తిన్నదో చూసేదాన్ని ఎఫ్‌సీఆర్ అంటారు. మంచి బ్యాచ్‌లో ఇది 1.6, 1.7 కిలోల దగ్గర ఉంటుంది. మేత ఎక్కువ తిన్నా, కోళ్లు ఎక్కువ చచ్చినా ఛార్జీ కోత పడుతుంది. పిల్ల నాసిరకమైతే? మేతలో సత్తువ లేకపోతే? ఆ రెండూ కంపెనీయే పంపింది. కానీ సూపర్‌వైజరు సారు పుస్తకంలో రాసేది పెంపకం లోపం అని. రైతు ఆ కోపాన్ని ఎక్కడ తీర్చుకుంటాడు? ‘నువ్వు నిద్రపోయినవు, మేత అమ్ముకున్నవు’ అని జీతం పట్టుకుంటాడు. ఆలుమగలిద్దరికీ కలిపి జోడీ జీతమని ఒకటే ఇవ్వడం మరో అన్యాయం. ఆడమనిషి చేసే పనికి విడిగా లెక్కే లేదు. ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చిన కుటుంబమైతే నోరు విప్పడానికే భయం.

ఈ జబ్బు కోళ్లతోనే పుట్టలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ పత్తి విత్తనాల చేలల్లో పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చేసింది బడికి పోవాల్సిన ఆడపిల్లలు. కంపెనీకి ఆర్గనైజరుతో ఒప్పందం, ఆర్గనైజరుకు రైతుతో ఒప్పందం. పిల్లలను పెట్టింది మేము కాదు, రైతే అని కంపెనీలు చేతులు దులుపుకున్నాయి. విత్తనానికి కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టదని పరిశోధకులు లెక్క కట్టి చూపించాక, దేశ విదేశాల్లో అల్లరయ్యాక, 2000ల మధ్యలో కొన్ని బహుళజాతి కంపెనీలు పిల్లలను పెట్టని రైతుకు ధర మీద అదనంగా ఇస్తామన్నాయి. కూలి రేటు కంపెనీ ధరలోనే ఇమిడి ఉన్నదని అంతటితో ఒప్పుకున్నట్టే కదా!

2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాలలో ఒకటి ఈ ఒప్పందాల గురించే. రైతు చేసిన సేవకు కంపెనీ డబ్బు చెల్లించే పద్ధతి, అంటే అచ్చం మన కోళ్ల పద్ధతి, అందులో ‘ఉత్పత్తి ఒప్పందం’ పేరుతో ఉండేది. పాలుకు సాగుచేసే వాని హక్కు గురించి ఒక మాట పెట్టారు, కూలి గురించి పెట్టలేదు. తగాదా వస్తే సివిల్ కోర్టు తలుపు మూసేశారు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతాంగం ఏడాది పొడవునా కూర్చున్నాక 2021లో అది రద్దయింది. మంచిదే. కానీ చట్టం పోయినా ఒప్పందాలు పోలేదు.

ప్రైవేటు ఒప్పందంలో సర్కారు తలదూర్చరాదని కొందరు పెద్దమనుషులు అంటారు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు తలదూర్చలేదా? చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, లేకపోతే నూటికి 15 వడ్డీ కట్టాలి అన్నది. (ఫ్యాక్టరీలు ఎంత బుద్ధిగా కడతాయన్నది వేరే కథ.) కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. ఆ చట్టాన్ని కొత్త లేబర్ కోడ్‌లలో కలిపేసినా ఆ సూత్రం నిలిచే ఉంది. దాన్ని కోళ్ల షెడ్డుకూ వర్తింపజేయాలని అడుగుతున్నాము. కోడి తనదే అనే కంపెనీ, ఆ కోడిని పెంచిన చేతుల కూలికి కూడా జవాబుదారీ కావాలి.

గ్రోయింగ్ ఛార్జీ పెంచాలని రైతులు ఆందోళనకు దిగినప్పుడు మనం వెంట నిలబడాలా అని కార్యకర్తలు అడుగుతున్నారు. నిలబడాలి. ఒకటి రెండు షెడ్ల రైతు అప్పులో కూరుకుపోయి ఉన్నాడు. కిలోకు పైసలు పెరగకుండా అతడు కూలి పెంచగలడనుకోవడం భ్రమ. పది షెడ్లున్న ఆసాముల సంగతి వేరు, వాళ్లతో మన లెక్క వేరుగా తేల్చుకోవాలి. అయితే చిన్న రైతుతో కలిసినా ఊరికే కలవరాదు. పెరిగిన ఛార్జీలో కూలి వంతు ఎంతో ముందే రాయించుకోవాలి. ఆడ, మగ జీతాలు విడివిడిగా రాయాలి. కడిగే రోజులు పోగా షెడ్డు ఖాళీగా ఉన్నంత కాలం సగం కూలి, అది కంపెనీ ఖాతాలో. కూలివాళ్లు వెంట లేకపోతే లారీకి కోళ్లు ఎక్కించేదెవరో రైతు నాయకులకు మనం గుర్తుచేయనక్కరలేదు.

ప్రతి షెడ్డు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టించండి. పిల్లలు దిగిన తేదీ, ఎన్ని దిగాయి, మొదటి వారంలో ఎన్ని చచ్చాయి, మేత బస్తాలు ఎన్ని వచ్చాయి, లారీ ఎప్పుడొచ్చింది, తర్వాత షెడ్డు ఎన్ని రోజులు ఖాళీగా ఉంది, చేతికి ఎంత వచ్చింది – ఇంతే. చదువురాని వాళ్లకు బడికిపోయే పిల్లలు రాసిపెడతారు. మూడు బ్యాచ్‌ల లెక్క చేతికి రాగానే మండలం మొత్తానికి కలిపి, రైతులనూ కంపెనీ వాళ్లనూ కార్మిక శాఖ అధికారి ముందు ఒకేచోట కూర్చోబెట్టి అడుగుదాం.